మా అప్ప గొంతు కోసం సికింద్రాబాద్

సికింద్రాబాద్ వెళ్ళొచ్చావు కదా, ఏం చూశావు అని మా విజయనగరంలో కనబడిన ప్రతివాళ్ళూ అడుగుతున్నారు. గడియార స్తంభం చూశావా, ట్యాంక్‌బండ్ చూశావా, ముత్యాలు కొన్నావా అని ఒకటే ప్రశ్నలు. ఏదీ చూడలేదు, ఏదీ కొనలేదు. నెల్లాళ్ళు ఉండి వచ్చాను గానీ ఆటోలోంచీ ఆసుపత్రి కిటికీలోంచీ కనబడినంతే చూశాను. నేను వెళ్ళింది ఒక గొంతు వినడానికి. అదీ ఆఖరిసారి.

ఆ గొంతు మా అప్పది. మా వైపు అక్కని అప్ప అంటాం. మా పెద్దమ్మ కూతురు. ఇంట్లో పెట్టిన పేరు పైడితల్లి, సినిమా వాళ్ళు పెట్టిన పేరు వాసంతిక. పేరు చెబితే మీకు తెలియకపోవచ్చు గానీ మొహం చూపిస్తే మాత్రం "ఓహో, ఈవిడా!" అంటారు. రెండు సినిమాల్లో హీరోయిన్‌గా చేసింది. అవి రెండూ వచ్చినట్టే వచ్చి పోయాయి. తరవాత హీరో చెల్లెలు, ఆ తరవాత హీరో వదిన, ఇంకొన్నాళ్ళకి హీరో తల్లి. తల్లిగా వేసేనాటికి ఆ హీరో ఆమెకన్నా పెద్దవాడు. నాకు ఒళ్ళు మండి ఫోన్ చేసి తిడితే, "ఓలే రవణా, తెల్లరంగు జుత్తుకే కదేటి ఏస్తారు, కడుక్కుంటే పోతాది" అని నవ్వింది. సినిమాలు తగ్గిపోయాక టీవీలో అత్తగారు, ఆ పైన నాయనమ్మ. తను పెళ్ళాడిన మేకప్ మనిషి చనిపోయి చాలా కాలమైంది. పిల్లల్లేరు.

ఇన్నేళ్ళలో ఆమె గొంతు తెర మీద ఒక్కసారి కూడా వినబడలేదు. మద్రాసులో మొదటి సినిమాకి మొదటి మాట పలకగానే సెట్టంతా గొల్లున నవ్విందట. మా ఉత్తరాంధ్ర యాస మరి! "పిల్ల బాగుంది, గొంతు ఇంకెవరి చేతైనా చెప్పిద్దాం" అన్నాడట దర్శకుడు. అదే ఆమె నొసటి రాత అయిపోయింది. కెమెరా ముందు ఆమె పెదాలు కదిపేది. తరవాత ఇంకొకావిడ మైకు ముందు నిలబడి ఆ పెదాలకి సరిపోయేట్టు మాట చెప్పేది. డబ్బింగ్ అంటే అదే.

పోయిన చలికాలంలో అప్ప గొంతు బొంగురుపోయింది. జలుబనుకుంది, మిరియాల కషాయాలు తాగింది. చివరికి స్వరపేటికలో క్యాన్సర్ అని తేల్చారు. ప్రాణం నిలవాలంటే దాన్ని మొత్తం తీసేయాలి, ఇక మాట ఉండదు అన్నారు. తోడు రమ్మని నాకు ఫోన్ చేసింది. ఆపరేషన్ సంగతి రెండు ముక్కల్లో చెప్పి, అసలు సంగతి అప్పుడు చెప్పింది.

"సీరియల్లో నాయనమ్మని సంపీస్తన్నారే. ఆ ఆఖరి సీను నా గొంతుతో సెప్పుకోనీ బాబూ అని డైరెట్రుని అడిగాను. జబ్బు ముసిల్ది కదా, బొంగురుగా ఉన్నా నడుస్తాది అన్నాడు. కోసీడానికి ముందు ఒక్కపాలి నా నోట్లోంచి నా మాట రావాలి."

"ఫోన్లో రికార్డు చేసుకోవచ్చు కదప్పా" అన్నాను.

"ఫోన్లో ఎవులైనా మాట్లాడతారు. తెర మీద నా పెదాలు కదిలినప్పుడు రావాలే" అంది.

ఆ మాటకి నేను బట్టలు సర్దుకున్నాను.

రైల్లో

నేను పోస్టాఫీసు కౌంటర్ వెనక కూర్చుని రిటైరైన మనిషిని. జనంతో మాట్లాడడం, పోట్లాడడం రెండూ అలవాటే. రైల్లో ఎదుటి బెర్తు ఆవిడ రాజమండ్రిలో ఎక్కింది. పులిహోర డబ్బా మూత తీస్తూ కబుర్లు మొదలెట్టింది. మాటల్లో అదే సీరియల్ వచ్చింది.

"ఆ నాయనమ్మ మాట వింటుంటే ప్రాణం లేచొస్తుందండీ. ఎంత చక్కటి గొంతో! అలాంటి గొంతు దేవుడిస్తేనే వస్తుంది" అంది.

"అది ఆవిడ గొంతు కాదండి. వేరే ఆవిడ చెబుతుంది" అన్నాను.

"భలేవారే, నేను రోజూ చూస్తాను కదండీ!"

"మీరు చూస్తారు, నేను ఆమెతో కలిసి పెరిగాను."

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. నేను చెప్పేది అబద్ధమనుకుందో, నిజమని తెలిసి బాధపడిందో గానీ డబ్బా మూత పెట్టేసి అటు తిరిగి కూర్చుంది. పులిహోర నాకు దక్కలేదు. నా నోటి దురదకి అలాంటివి చాలా పోయాయి, ఇదొక లెక్కా.

బోయిగూడ

సికింద్రాబాద్ స్టేషన్‌ని పడగొట్టి కొత్తది కడుతున్నారు. రేకులు, దుమ్ము, ఎటు వెళ్ళాలో తెలియని జనం. అప్ప పదో నంబరు ప్లాట్‌ఫారం వైపు దిగమని నెత్తీనోరూ కొట్టుకుని చెప్పింది. నేను జనం పోయినవైపు పోయి ఒకటో నంబరు వైపు తేలాను. ఆటో అబ్బాయి నా చోడిపిండి మూట ఎక్కిస్తూ నవ్వాడు.

"బోయిగూడ గేటు దిక్కు దిగితే నడుసుకుంట పోతుంటివి గదమ్మా. గిప్పుడు సుట్టు తిరిగి పోవాలె. నూటిరవై ఇయ్యి."

"మా ఊళ్ళో ఈ డబ్బుతో ఊరు రెండుసార్లు చుట్టి రావచ్చు."

"మీ ఊర్ల గింత ట్రాఫిక్ ఉన్నదా మరి?"

నిజమే, లేదు. పట్టాల అవతల కనబడే ఇంటికి వెళ్ళడానికి ఊరంతా చుట్టి వెళ్ళాను.

అప్ప ఉండేది సందులోపల ఒక మేడ మీద రెండు గదుల్లో. సందు ఎంత ఇరుకంటే ఎదురింటివాళ్ళ కుక్కర్ కూత మన వంటింట్లోదే అనిపిస్తుంది. ఎదురొచ్చిన అప్పని ముందు పోల్చుకోలేకపోయాను. టీవీలో పట్టుచీర కట్టుకుని, తాళాలగుత్తి దోపుకుని నిండుగా కనబడే మనిషి, గుమ్మంలో నిలబడితే వెనక గోడ అంతా కనిపిస్తోంది. మెడ ఒక్కటే వాచి ఉంది.

"వొచ్చీసినావా" అంది. ఇసక మీద చెప్పు ఈడ్చినట్టుంది ఆ గొంతు. అయినా మా పెద్దమ్మ వంటింట్లో వినబడిన గొంతే. చిన్నప్పుడు మా ఇద్దరి గొంతులూ ఒకేలా ఉండేవి. గది బయటినుంచి పిలిస్తే ఎవరు పిలిచారో అమ్మలకి తెలిసేది కాదు, ఆమె చేసిన తప్పులకి నేనూ, నేను చేసిన వాటికి ఆమే తన్నులు తినేవాళ్ళం. నేను అక్కడే చెప్పుల మీద కూర్చుని ఏడ్చాను.

"ఏడుపులు తరవాత. ముందు కాళ్ళు కడుక్కో" అంది.

అప్ప గట్టి పదార్థమేదీ మింగలేదు కాబట్టి చోడి అంబలి, అదే రాగి జావ, కాచాను. కింద ఉండే ఇంటి ఓనరమ్మ యాదమ్మ వాసనకి పైకొచ్చి గిన్నెలోకి తొంగి చూసింది. చోళ్ళు అన్నాను.

"ఇవి తైదలు గదా! చోళ్ళంటరా మీరు? ఏం పేరే అది!"

"తైదలు మాత్రం ఏం పేరు తల్లీ?" అన్నాను.

ఇద్దరం నవ్వుకున్నాం. అంబలి అనే మాట మాత్రం ఇద్దరిదీ ఒకటే. మా వైపు అందులో ఉల్లిపాయ కొరుక్కుంటాం, వాళ్ళు మజ్జిగ పోసి జీలకర్ర వేస్తారట. అప్ప రెండు రకాలూ వద్దంది, ఉప్పు మాత్రం వేయమంది. గ్లాసుడు అంబలి తాగడానికి ఆమెకి పట్టిన సమయంలో నేను సందులోని కూరల బండిదగ్గరికి వెళ్ళి, బేరమాడి, తిరిగొచ్చాను.

ఆ సాయంత్రం చివరి సీను సంగతి చెప్పింది. షూటింగ్ అయిపోయింది, గొంతు చెప్పడమే మిగిలింది. చచ్చిపోయిన మనిషిగా పడుకుని షాట్ ఇచ్చాక ఈ సినిమావాళ్ళకి ఒక ఆచారముందిట. ఆ మనిషిని లేపి కూర్చోబెట్టి, కెమెరా వైపు చూసి నవ్వమంటారు. ఆ నవ్వుని కూడా తీస్తారు, ఎక్కడా వాడరు. కొబ్బరికాయ కొట్టి దిష్టి తీస్తారు. చావు అబద్ధమని దేవుడికి చెప్పడమన్నమాట.

"నవ్వినావా?" అన్నాను.

"నవ్వకపోతే ఒగ్గరు కదే. లైట్‌బాయ్ దగ్గర్నుంచి అందరూ నిలబడి నవ్వమ్మా నవ్వమ్మా అన్నారు. అందరికీ తెలుసు నా సంగతి."

కొంటెగా నా వైపు చూసింది. "ఒక పని సేసీసినానే. ఆ సీన్లో రాసిన మాటలు అనలేదు. మన మాటల్లో అనీసినాను. పెదాలు అలాగే కదిలినాయి. ఇప్పుడు ఇంకెవులు సెప్పినా అతకదు. డైరెట్రు చూసి కూడా పోనీలే అన్నాడు."

రాసిన మాటలు ఇవి: "ఏమ్మా, ఎందుకు ఏడుస్తున్నావు? నేనెక్కడికీ పోను. ఈ గుమ్మం దగ్గర కూర్చునే ఉంటాను." అప్ప అన్నది: "ఏటే పిల్లా, ఏడుస్తావేటి? నానెక్కడికీ పోను. ఈ గుమ్మం కాడే కూకోనుంటాను."

దొంగతనం చేసి దొరకని పిల్లలా ఉంది ఆమె మొహం. నాకూ సంతోషమేసింది. ఇంత జబ్బులో ఎంత తెలివి చూడండి.

రెజిమెంటల్ బజార్

ఆపరేషన్ తరవాత మెడ దగ్గర చిల్లు ఉంటుంది, ఊపిరి అక్కడినుంచే. దుమ్ము పోకుండా దాని మీద పల్చటి నూలుబట్ట కట్టుకోవాలన్నారు. అది కొనడానికి ఇద్దరం రెజిమెంటల్ బజార్ వెళ్ళాం. నేనొక్కదాన్నే పోతానంటే వినలేదు. "నా మెడకి నేనే ఎంచుకుంటాను, చీర కొన్నట్టు" అంది.

బట్టల కొట్టాయన పెద్దవయసు మనిషి. మెత్తటి ముల్‌ముల్ కావాలనగానే తాను విప్పి బల్ల మీద పరిచాడు. మీటరు తొంభై అన్నాడు, డెబ్భైకి తెగింది. తరవాత కళ్ళజోడు సవరించుకుని అప్ప మొహంలోకి చూశాడు.

"అరె, మీరు టీవీల నాయనమ్మ గదా! మా ఇంటామె మీరంటే పానం ఇడుస్తది. జెర ఒక్క డైలాగు కొట్టుండ్రి మేడమ్, ఫోన్ల తీస్కుంట."

అప్ప తల అడ్డంగా ఊపి, "ఇప్పుడు కాదు బాబూ" అంది.

ఆ గొంతు వినగానే ఆయన చేతిలో ఫోను కిందికి దిగింది. "జలుబయిందా మేడమ్? మస్తు తక్లీఫ్ ఉన్నట్టుంది" అన్నాడు. ఆయన మొహంలో జాలికన్నా నిరాశే ఎక్కువగా కనబడింది నాకు. సరుకు బొమ్మలో ఒకలా ఉండి, పొట్లం విప్పితే ఇంకోలా ఉన్నట్టు చూశాడు. నేను ఏదో అనబోయాను. అప్ప నా చెయ్యి నొక్కింది.

"అవును, జలుబే" అంది.

బట్ట మడతపెడుతూ ఆయనే మళ్ళీ మాట కలిపాడు. "గీ బట్ట చిన్నపిల్లలకే తీస్కపోతరు. ఇంట్ల మనుమరాలు పుట్టిందా?"

"అవును" అంది అప్ప.

"గట్లనా! శుభం" అని ఆయన అరమీటరు ఎక్కువ కోశాడు, పాపకి తన కానుకట. తిరిగి వచ్చేటప్పుడు ఆ పొట్లాన్ని నేనెత్తుకున్నాను. నాకు ఎక్కడలేని కోపమూ వచ్చింది, ఎవరిమీదో తెలియలేదు. ఛాయ్ తాగుదామని ఒక హోటల్‌లో కూర్చున్నాం. ఇరవై రూపాయల ఛాయ్, మా ఊళ్ళో రెండు కప్పులొస్తాయి. అప్ప సాసర్లో పోసుకుని, చల్లార్చి, మూడు గుటకలు మింగి వదిలేసింది.

మల్కాజ్‌గిరి

డబ్బింగ్ గది మల్కాజ్‌గిరిలో ఒక కాలనీ ఇంటి కింది భాగంలో ఉంది. లోకల్ ట్రైన్‌లో వెళ్ళాం. పైన కాపురాలు, బాల్కనీలో ఆరేసిన బట్టలు, కింద తలుపు తీస్తే గోడలనిండా మందపాటి మెత్తలు. సినిమా అనగానే నేను ఏదో పెద్ద భవనం ఊహించుకున్నాను. మా పోస్టాఫీసు స్టాంపుల గది దీనికన్నా పెద్దది.

కల్యాణి అక్కడే ఉంది. అప్ప టీవీలోకి వచ్చినప్పటినుంచీ గొంతు చెబుతున్నది ఆవిడే. నలభై దాటిన మనిషి, చుడీదారు, భుజాన సంచీ, మామూలు ఇల్లాలిలా ఉంది. నోరు విప్పగానే నాకు ఒళ్ళు జలదరించింది. టీవీలో మా అప్ప!

"అమ్మా, ఇవాళ మీ రోజు. నాకు పని లేదు. ఊరికే చూడాలని వచ్చాను" అని అప్ప చేతులు పట్టుకుంది.

ఆ మనిషిని ద్వేషిద్దామనే వెళ్ళాను. కుదరలేదు.

అప్ప గాజు గదిలోకి వెళ్ళింది. తలకి హెడ్‌ఫోన్స్ పెట్టుకుంది. ఇవతల సౌండ్ చూసే శ్రీను, కల్యాణి, నేను. తెర మీద నాయనమ్మ మంచం మీద పడుకుని ఉంది, పక్కన మనవరాలు. నాయనమ్మ పెదాలు కదిలాయి. అప్ప మైకులోకి మాట చెప్పింది.

"ఏమ్మా, ఎందుకు ఏడుస్తున్నావు..."

నాకు అర్థం కాలేదు. ఆ పలుకు మా అప్పది కాదు. ప్రతి అక్షరం కడిగి ఆరబెట్టినట్టు, తీయగా సాగదీసి, బొంగురు గొంతుతోనే అచ్చం కల్యాణిలా చెబుతోంది! శ్రీను బటన్ నొక్కి ఆపాడు.

"మేడమ్, సింక్ పోతుంది. లిప్స్ ఏమో 'ఏటే' అంటున్నయి, మీరు 'ఏమ్మా' అంటున్నరు. ఇంకోసారి షురూ చేద్దాం."

మళ్ళీ చెప్పింది. మాటలు మార్చింది, "ఏటే పిల్లా" అంది. కానీ ఆ 'ఏటే'ని కూడా కల్యాణి అయితే ఎలా అంటుందో అలాగే అంది. తన పెదాలకి తన మాటే అతకడం లేదు. మూడోసారి, నాలుగోసారి కూడా అంతే. గాజు అవతల ఆమె మొహం పాలిపోయింది.

కల్యాణి శ్రీను ముందున్న మైకు దగ్గరికి వంగి మెల్లగా అంది. "అమ్మా, అది నేను. మీరు చెప్పండి."

"నాకు ఇలగే వొస్తందమ్మా" అంది అప్ప. హెడ్‌ఫోన్స్ తీసి చేతిలో పట్టుకుంది. "మైకు ముందు నిలబడితే నీ గొంతే నా చెవిలో పలుకుతంది. నాదేదో నాకు గుర్తు రాడంలేదు."

 నలభై ఏళ్ళపాటు తెర మీద తన మొహం మీద ఇంకొకరి మాట విని విని, అదే సరైనదనీ తనది తప్పనీ ఒంటికి పట్టేసింది ఆమెకి. దేనికోసం ఇంత దూరం వచ్చామో అదే చేతికి అందకుండా పోతోంది. రెండ్రోజులు పోతే అసలు గొంతే ఉండదు. ఇంకెవరిని అడుగుతాం?

నేను లేచి ఆ గాజు గది తలుపు తోసుకుని లోపలికి పోయాను. శ్రీను "అమ్మా, లోపలికి పోవద్దు" అంటున్నాడు. ఎవరు విన్నారు!

"ఏటప్పా అది? స్కూల్లో పద్యం ఒప్పజెప్తన్నావేటి?" అన్నాను. "పెద్దమ్మ సచ్చిపోయినప్పుడు నాతో అలగే మాట్లాడినావేటి? సిలకపలుకులు పలుకుతంది మహాతల్లి!"

"నోర్ముయ్యే గుంటా!" అని కసిరింది అప్ప. "నాకే సెప్పొచ్చీసినావేటి? పోస్టాపీసులో ముద్దర్లేసుకున్నదానివి, యాక్టింగు నీకేటి తెలుసే?"

"అదిగో! ఆ నోరే కావాలి" అన్నాను.

ఆమె నా వైపు చూసింది. పక్కున నవ్వింది, నవ్వు దగ్గయింది, దగ్గు ఆగకుండా వచ్చింది. చేతిరుమాలు నోటికి అడ్డం పెట్టుకుంది. తీసినప్పుడు ఎర్రగా ఉంది, దాన్ని మడిచి నడుముకి దోపుకుంది. "పెట్టు బాబూ" అంది శ్రీనుతో. నన్ను బయటికి పొమ్మనలేదు. నేను ఆమె పక్కనే ఊపిరి బిగబట్టి నిలబడ్డాను.

"ఏటే పిల్లా, ఏడుస్తావేటి? నానెక్కడికీ పోను. ఈ గుమ్మం కాడే కూకోనుంటాను."

తెర మీద పెదాలూ పక్కన పెదాలూ ఒక్కసారే కదిలాయి, ఒక్కసారే ఆగాయి. బయట కల్యాణి చున్నీతో కళ్ళు తుడుచుకుంటోంది. 

"గిట్లనే ఉండాలె మేడమ్" అన్నాడు శ్రీను. "మా నానమ్మ సుత గిట్లనే పోయింది, నవ్వుకుంట."

తిరుగు రైల్లో అప్ప కిటికీ పక్కన కూర్చుని నిద్రపోయింది. నోరు తెరుచుకుని, చిన్నపిల్లలా. నాకు ఆమెమీద అంత ప్రేమ ఎప్పుడూ కలగలేదు.

ఆసుపత్రి

ఆసుపత్రులు ఎక్కడైనా ఒక్కటే వాసన. ఆపరేషన్ రోజు పొద్దున్న అప్పని బల్లబండి మీద తోసుకుపోతుంటే నేను పక్కన నడిచాను. ఏదైనా గొప్ప మాట చెబుతుందేమో, దాచుకుందామని చెవులు రిక్కించాను. తలుపు దగ్గర నా కొంగు పట్టుకుని లాగింది.

"బేగి ఎల్లి టిఫినీ తినీయే. ఉప్మా అయిపోతాది" అంది.

ఆ తరవాత ఆమె మాట్లాడలేదు.

మెడ చుట్టూ కట్టు, మధ్యలో చిల్లు, అందులోంచి ఈలలా ఊపిరి. ముక్కులోంచి గొట్టం. కావలసింది రాయమని నర్సమ్మలు పలక ఇచ్చారు. అప్ప దాన్ని తలగడ కింద పెట్టేసి మళ్ళీ తీయలేదు. వేలితో గోడ గడియారం చూపించేది, తరవాత కుడిచేతి వేళ్ళు మడిచేది. ఇంకా ఎన్ని రోజులు అని. ఆ ఎపిసోడ్ కోసమే చూస్తోంది. నొప్పి మందులకి కళ్ళు మూతలుపడుతున్నా ఆ లెక్క మాత్రం తప్పలేదు.

అనుకున్న రోజు మధ్యాహ్నం నాకు కల్యాణి ఫోన్ చేసింది. నేను వరండాలోకి వెళ్ళాను. ఆవిడ ముందు ఏడ్చింది.

"ఛానల్‌వాళ్ళు ఒప్పుకోలేదమ్మా. ఒక్కసారిగా గొంతు మారితే జనం ఫోన్లు చేస్తారన్నారట. ఆ యాస... చావు సీనులో కామెడీగా ఉందన్నారట. నిన్న పిలిచి నాతో మళ్ళీ చెప్పించారు. నేను కాదంటే ఇంకొకరితో చెప్పిస్తామన్నారు. కనీసం 'ఏటే' అననివ్వండి అని అడిగాను. వద్దన్నారు."

నేను నోటికొచ్చినట్టు తిట్టాను. పాపం, తిట్టాల్సింది ఆవిణ్ణి కాదు. కానీ తిట్టాల్సినవాళ్ళ నంబర్లు మనదగ్గర ఉండవు కదా. ఆవిడ అన్నీ పడింది.

"అప్ప చెప్పింది ఉందా?" అన్నాను.

"దాని మీదే నాది ఎక్కించేశారమ్మా. లేదు."

కామెడీ అట. మద్రాసులో మొదటిరోజు నవ్విన సెట్టు ఇంకా నవ్వుతూనే ఉంది.  ఎలాగైనా అప్పని ఆ సీను చూడనివ్వకూడదని నిశ్చయించుకుని ఫోన్ ఆపేసి లోపలికి వెళ్ళాను.

సీరియల్ వచ్చే ఏడున్నర కావస్తుండగా అప్ప నా చేతి సంచీ చూపించింది. ఫోన్ తీయమని.

"చార్జింగ్ అయిపోయిందప్పా. రేపు చూద్దాంలే" అన్నాను.

పక్క మంచం దగ్గర భాగ్య అని ఒక పిల్ల, జనగామ నుంచి వాళ్ళ అత్తకి తోడుగా వచ్చింది. వచ్చినరోజునుంచీ "మన వార్డుల టీవీ నాయనమ్మ ఉన్నది" అని మురిసిపోతోంది. నా మాట విని ఫోన్ పట్టుకుని పరుగెత్తుకొచ్చింది.

"పరేషాన్ గాకు పెద్దమ్మా, నా ఫోన్ల సూద్దాం! యాప్ ఉన్నది."

ఎలా ఆపను? అప్ప అప్పటికే తలగడకి ఆనుకుని లేచి కూర్చుంది. ఆపరేషన్ అయ్యాక ఆ మొహంలో వెలుగు చూడడం అదే మొదలు.

నాయనమ్మ మంచం మీద పడుకుని ఉంది. మనవరాలు ఏడుస్తోంది. వెనక వయొలిన్లు. నాయనమ్మ పెదాలు కదిలాయి.

"ఏమ్మా, ఎందుకు ఏడుస్తున్నావు? నేనెక్కడికీ పోను..."

పెదాలు 'ఏటే' అంటున్నాయి, మాట 'ఏమ్మా' అంటోంది. పెదాలు ఆగిపోయాక కూడా తీయటి మాట ఇంకా సాగుతోంది. వార్డులో ఎవరికీ అది కనబడలేదు. నాకు తెలిసింది, ఆమెకి తెలిసింది. అప్ప కళ్ళార్పకుండా చూస్తోంది. మెడ దగ్గర ముల్‌ముల్ బట్ట గబగబా లేచి పడుతోంది.

సీను అయిపోయింది. భాగ్య వెక్కి వెక్కి ఏడుస్తోంది. అప్ప పాదాలు పట్టుకుంది.

"గింత మంచి గొంతుండె గదా పెద్దమ్మా నీకు! ఎంత తియ్యగ మాట్లాడినవ్! గా గొంతే దేవుడు తీస్కపాయెనా? అయ్యో, గట్లాంటి గొంతు మల్ల యాడికెల్లి వస్తది?"

వాళ్ళ అత్త కూడా కళ్ళు తుడుచుకుంది. అటువైపు మంచం ముసలామె చేతులెత్తి దణ్ణం పెట్టింది. ఉన్న గొంతు పోయినందుకు కాదు, ఎప్పుడూ లేని గొంతు పోయినందుకు వార్డంతా ఏడుస్తోంది. నాకు కోపం తన్నుకొచ్చింది. రైల్లో ఆవిడతో చెప్పినట్టే చెప్పేద్దామని నోరు తెరిచాను.

అప్ప నా మణికట్టు పట్టుకుంది. గట్టిగా. కుట్లు లాగుతాయని మెల్లగా, భాగ్య వైపు చూసి, అవును అన్నట్టు తల ఊపింది. అవును, నా గొంతే. నాదే పోయింది. చెయ్యి చాచి ఆ పిల్ల కళ్ళు తుడిచింది.

నేను నోరు మూసుకున్నాను. అంత కష్టమైన పని నా జన్మలో చేయలేదు.

భాగ్య వాళ్ళ అత్తకి మందు వేయడానికి వెళ్ళింది. ఫోన్ అప్ప ఒళ్ళోనే ఉంది. ఆమె దాన్ని కాసేపు అలాగే పట్టుకుని, వేలితో వెనక్కి జరిపి, ఆ సీను మొదటికి తెచ్చింది. పక్క మీట నొక్కుతూ నొక్కుతూ సౌండ్ పూర్తిగా తగ్గించేసింది. వయొలిన్లు ఆగిపోయాయి. తీయటి మాట ఆగిపోయింది. నా వైపు తిరిగి, చూపుడువేలు నా పెదాల మీద పెట్టింది.

తెర మీద ఆమె పెదాలు కదిలాయి.

"ఏటే పిల్లా" అన్నాను. "ఏడుస్తావేటి? నానెక్కడికీ..."

అతికింది. అక్షరం కూడా అటూ ఇటూ పోలేదు. కానీ 'పోను' అన్న మాట నా నోట రాలేదు. తెర మీద పెదాలు మిగతా మాట ఒంటరిగా అనేసి ఆగిపోయాయి.

అప్ప వేలితో మళ్ళీ మొదటికి జరిపి, నా వైపు చూసింది.